బైక్ తాళం తీస్తే కుక్కకెందుకు భయం?

మీరు బైక్ తాళం చేతిలోకి తీసుకుంటారు. అంతే, అప్పటిదాకా చాప మీద హాయిగా పడుకున్న కుక్క లేచి కాళ్లకు అడ్డం పడుతుంది. సాయంత్రం వచ్చి చూస్తే తలుపు నిండా గీతలు, చెప్పులు ముక్కలు, గడప దగ్గర ఉచ్చ. పక్కింటావిడ ‘పొద్దున్నించి ఒకటే అరుస్తా ఉంది మీ కుక్క’ అంటుంది. నా మీద కోపంతోనే చేసిందనుకుని రెండు తగిలిస్తాం.

అది కోపం కాదు, భయం. డాక్టర్లు సెపరేషన్ యాంగ్జైటీ అంటారు. తిట్టగానే తల దించుకుంటుంది కదా, తప్పు తెలిసిందనుకుంటాం. అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే పరిశోధకురాలు 2009లో తేల్చింది వేరు: తప్పు చేసినా చేయకపోయినా, యజమాని తిడితేనే కుక్క ఎక్కువగా ఆ మొహం పెడుతుంది.

ధర్మవరంలో మగ్గమున్న ఇంట్లో పగలంతా మనుషులుంటారు, మగ్గం చప్పుడుంటుంది. అందరూ తాళమేసి పెళ్లికి పోతే ఆ నిశ్శబ్దం కుక్కకు కొత్త. హిందూపురంలో వర్క్ ఫ్రమ్ హోమ్ రోజుల్లో కుక్కపిల్లను తెచ్చుకుని, ఆఫీసు తెరవగానే బెంగళూరు రైలెక్కితే? పెనుకొండ దగ్గర కియాలో షిఫ్టు మారితే? రొటీన్ మారినప్పుడే చాలా కుక్కల్లో ఇది బయటపడుతుంది.

ముందు ఫోన్‌తో పని. పాత ఫోన్ కిటికీలో పెట్టి, వీడియో ఆన్ చేసి వెళ్లండి. మీరు వెళ్లిన మొదటి అరగంటలోనే అరుపులు, చొంగ, తలుపు గీకడం మొదలైతే అనుమానం దీని మీదే. హాయిగా నిద్రపోయి, మధ్యాహ్నం లేచి చెప్పు కొరికితే అది వట్టి బోర్ కావచ్చు. వీడియోను పశువుల డాక్టరుకు చూపించండి. ఉచ్చకు ఇన్ఫెక్షన్ కూడా కారణం కావచ్చు.

వైద్యంలో ఎక్కువ భాగం ప్రాక్టీసే. తాళం తీసుకోండి, ఎక్కడికీ పోకుండా కూర్చుని రీల్స్ చూసుకోండి. రోజూ కొన్నిసార్లు ఇలా చేస్తే తాళం చప్పుడంటే ‘ఒంటరినైపోతా’ అన్న లెక్క తప్పుతుంది. తర్వాత తలుపేసి పది సెకన్లకే తిరిగి రండి. తర్వాత అర నిమిషం, రెండు నిమిషాలు. కంగారు మొదలవకముందే రావాలి, కిటుకంతా అక్కడే. వారాలు పడుతుంది. ఈలోగా ఎక్కువసేపు వెళ్లాల్సి వస్తే అవ్వ దగ్గర వదలండి, లేదంటే చేసిన ప్రాక్టీసంతా వృథా. గట్టి రబ్బరు బొమ్మలో పెరుగన్నం కూరి, ఫ్రీజర్లో గడ్డకట్టించి ఇవ్వొచ్చు. దాన్ని ముట్టుకోలేదంటే ఇంకా భయపడుతోందని అర్థం.

గొలుసేసి కట్టేయకండి, కంగారు పెరుగుతుంది. తోడుకు ఇంకో కుక్కను తెచ్చినా చాలాసార్లు లాభముండదు. దానికి కావాల్సింది మీరు.

మరీ తీవ్రమైతే మాత్రలున్నాయి. కుక్కల్లో ఈ జబ్బుకే అమెరికాలో క్లోమిప్రమిన్‌కు 1998లో, ఫ్లూఆక్సెటిన్‌కు 2007లో అనుమతి వచ్చింది. డాక్టరు రాస్తేనే వాడాలి, ప్రాక్టీసూ ఆపకూడదు. ఇంట్లో ఎవరిదో నిద్రమాత్ర విరిచి పెట్టడం ప్రమాదం.

చాలామంది ఇక్కడే విసిగిపోయి ‘మామ తోటలో ఇడిసిపెట్టి వద్దాం’ అంటారు. మీరు కనబడకపోతేనే వణికే దానికి అది ఎలా ఉంటుందో ఊహించండి. ఆ మాట అనేముందు, రేపు పొద్దున తాళం తీసుకుని, చెప్పులేసుకుని, మళ్లీ వచ్చి చాప మీద కూర్చోండి.