ఇరవై సార్లు రాయిస్తే వత్తులు వస్తాయా?

రెండో తరగతి పిల్లాడు "భక్తి"ని "భకిత" అని రాశాడనుకోండి. వెంటనే మన నోట వచ్చే మాట, "ఇరవై సార్లు రాయి". బళ్ళో అదే, ఇంట్లోనూ అదే. ఈ పద్ధతి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ ఇరవై సార్లూ పిల్లలు ఎలా రాస్తారో ఎప్పుడైనా పక్కన కూర్చుని చూశారా? ముందు పేజీ పొడవునా "భ"లు నిలువుగా దించేస్తారు. తర్వాత "క్తి"లు. చెయ్యి నడుస్తుంటుంది, చెవీ మనసూ నిద్రపోతుంటాయి. మర్నాడు డిక్టేషన్‌లో మళ్ళీ "భకిత" అనే రాస్తారు.

అసలు వాడి తప్పేమిటి? పలికేటప్పుడు ఆ మాట భక్, తి అని విడిపోతుంది. రాసేటప్పుడేమో భ, క్తి. గుడి 'క' మీద కూర్చుంటుంది, కానీ ఆ 'ఇ' వినిపించేది 'త' తర్వాత. "సూర్యుడు"లోనూ ఇదే తిరకాసు. కొమ్ము 'ర'కి ఇస్తాం, పలికేది 'య' తర్వాత. వాడు క, త, ఇ మూడూ విన్నాడు, ఏది ఎక్కడ తగిలించాలో తెలియలేదు. కాస్త విడమరిచి చెబితే పోయేదానికి శిక్ష ఎందుకండీ?

"తెలుగుకి స్పెల్లింగేమిటి, పలికినట్టే రాయడమేగా" అంటారు కొందరు. మరి మనం సరిగ్గా పలుకుతున్నామా? ఇంటిల్లిపాదీ "బయం", "నీల్లు" అంటూ, వాడు అలాగే రాస్తే తిట్టడం ఏం న్యాయం? కల, కళ తేడా మన నోట వినపడకపోతే వాడి పలక మీదికి ఎలా వస్తుంది? ఇక శ, ష, సల సంగతంటారా, పెద్దవాళ్ళకే అంతంతమాత్రం.

మార్కులు పోతే పోనీయండి. "నాకు తెలుగు రాదు" అని ఏడేళ్ళకే తీర్మానించుకున్న పిల్లలు మా వీధిలోనే ఉన్నారు. పొద్దున లేచింది మొదలు తెలుగులోనే మాట్లాడే పిల్లలు!

చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ పది నిమిషాలు కేటాయించండి, చాలు. నోట్‌బుక్ వద్దు, పలకా బలపం ఇవ్వండి. తుడిచేస్తే తప్పు మిగలదు. ఐదే మాటలు. నిదానంగా, వత్తులు వినపడేలా పలకండి. వాణ్ణీ పలకనిచ్చి, అప్పుడు రాయమనండి. రాసింది వాడి చేతే పైకి చదివించండి. "భ... కి... త" అని చదివి వాడే నవ్వుతాడు, వాడే తుడుస్తాడు. అప్పుడు "గుడి క మీద, త వత్తు కింద" అని చూపించండి.

టైము లేదంటారా? ఇరవై సార్లు రాశాడో లేదో లెక్కపెట్టడానికి దొరుకుతున్న టైమే ఇది కూడా.