చార్జర్స్‌ని ముంచిందెవరు?

డెక్కన్ చార్జర్స్ మాటెత్తితే మనవాళ్ల వేలు ఇప్పటికీ లక్ష్మణ్ వైపే. టెస్టు ఆటగాడికి టీ20 కెప్టెన్సీ ఏంటి, అందుకే 2008లో 14 మ్యాచుల్లో రెండే గెలిచి అట్టడుగున పడ్డాం అంటారు. నిజానికి అతను గాయంతో మధ్యలోనే తప్పుకున్నాడు. తర్వాత గిల్‌క్రిస్ట్ నడిపించినా రాత మారలేదు. అదే గిల్‌క్రిస్ట్ 2009లో కప్పు తెచ్చాడు.

ఇంకోటి. 2008లో ఐకాన్ ఆటగాడికి జట్టులో అందరికన్నా 15 శాతం ఎక్కువ ఇవ్వాల్సి ఉండేది. వేలంలో జట్టుకు డబ్బు మిగలాలని లక్ష్మణ్ ఆ హోదానే వదులుకున్నాడు. తిట్లు మాత్రం అతనికే!

ఓడిపోవడం వేరు, కూలిపోవడం వేరు. చార్జర్స్ కూలింది 2012 సెప్టెంబరులో, మైదానంలో ఆటే లేనప్పుడు. యజమాని డెక్కన్ క్రానికల్ హోల్డింగ్స్ అప్పుల్లో మునిగింది, బీసీసీఐ ఫ్రాంచైజీని రద్దు చేసింది. (రద్దు తప్పని 2020లో ఆర్బిట్రేటర్ తేల్చాడు, మరుసటేడు బాంబే హైకోర్టు దాన్ని కొట్టేసింది.) నన్నడిగితే మొదటి ముద్దాయి యజమాని. రెండో ముద్దాయి, 10 కోట్ల డాలర్ల పైచిలుకు పాట వినగానే ఊరి పేరు రాసిచ్చేసిన బోర్డు. అప్పుల చిట్టా టీవీలో కనపడదు, కెప్టెన్ మొహం కనపడుతుంది, అంతే తేడా.

మరుసటి నెలే సన్ టీవీ హైదరాబాద్ జట్టును కొనుక్కుంది. మనం జెర్సీ రంగు మార్చుకుని, మళ్లీ కెప్టెన్లని తిట్టుకోవడం మొదలెట్టాం.