అలవాటు నేరమా?

తెలుగులో ‘మత్తుమందు’ అన్న మాట రెండు అర్థాలు మోస్తున్నది. ఆస్పత్రిలో అది శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే మందు. పత్రికలో అది పోలీసులు పట్టుకొనే సరుకు. మాటకు రెండర్థాలుండడం భాషకు దోషం కాదు. వాటిని వేరుచేయలేకపోవడం బుద్ధికి దోషం. ఆ దోషానికి మా తమ్ముడు ఒక రాత్రంతా మూల్యం చెల్లించాడు.

క్యాన్సర్ ఎముకలకు పాకి, వైద్యులు వ్రాసియిచ్చిన మార్ఫిన్ మాత్రలతో నెలల తరబడి నెట్టుకొస్తున్నవాడు. తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. వార్డులో ఆ మాత్రలు ఆపివేశారు. “ఈయనకు అలవాటైపోయిందండీ, ఇంకా ఇస్తే వ్యసనమైపోతుంది” అన్నారు. పారాసిటమాల్‌తో సరిపెట్టారు. తెల్లవార్లూ చెమటలు, వణుకు, కడుపులో మెలికలు, కేకలు. “అన్నయ్యా, నేనేమన్నా తాగుబోతునా?” అని వాడడిగితే నేను జవాబు చెప్పలేకపోయాను.

ఇప్పుడు చెబుతున్నాను. అలవాటు వేరు, వ్యసనం వేరు. రోజూ మార్ఫిన్ పుచ్చుకొనే దేహం దానికి అలవాటుపడడం శరీరధర్మం. కీడు జరుగుతున్నదని తెలిసీ మానలేక దానికై వెంపర్లాడడం వ్యసనం. అలవాటుపడిన దేహానికి రోజువారీ మోతాదు పాత నొప్పికే చాలుతుంది. కోత నొప్పికి ఆపైన మరికొంత కావాలి. ఇతరులకంటె ఎక్కువ ఇవ్వవలసినచోట ఉన్నదీ ఊడబెరికారన్నమాట!

ఊపిరి మందగిస్తుందన్న భయం నిజమైనదే. అందుకు దగ్గరుండి కనిపెట్టి చూడాలి గాని మందు మాన్పరాదు. పారాసిటమాల్‌కు తోడు నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్లు, స్వల్ప మోతాదులో కెటమిన్ వంటి సాధనాలున్నవి. గాయం మానేకొద్దీ అదనపు మోతాదును క్రమంగా తగ్గించవచ్చు.

నిజంగా వ్యసనంలో పడి బుప్రెనార్ఫిన్ చికిత్సలో ఉన్నవారికీ ఇదే న్యాయం. సాధారణంగా ఆ మందు కొనసాగిస్తూనే కోత నొప్పికి వేరే ఏర్పాటు చేయాలి. వ్యసనపరుడి గాయమూ గాయమే కదా!

చట్టం అడ్డమందురా? 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం వైద్యావసరాలకు చోటిచ్చింది. 2014 సవరణ మార్ఫిన్ వంటివాటిని ఆవశ్యక ఔషధాలుగా గుర్తించి అనుమతుల చిక్కులు తగ్గించింది. ప్రభుత్వానుమతితో నల్లమందు పండించే దేశం మనది. రోగి నొప్పి దగ్గరనే మనకు చేయి రాదు!

రోగుల బంధువులకు ఒక మాట. వాడుతున్న మందు పేరు, మోతాదు, వేళలు కాగితం మీద వ్రాసి శస్త్రచికిత్సకు ముందే మత్తు డాక్టరుగారి చేతికివ్వండి. సిగ్గుపడి దాచకండి.

వైద్యులకు నా విన్నపమొక్కటే. ‘అలవాటు’ అన్నది రోగిపై మోపే నింద కాదు, మోతాదు లెక్కించడానికి మీకు అందిన సమాచారం.