లాల్‌బాగ్‌కి పోయే రైతులకి ఒక మాట: తెలియని ఆకు నోట్లో పెట్టకండి



పోయిన వారం పెట్టిన లాల్‌బాగ్ వీడియో చూసి చాలామంది ఒకటే అడుగుతున్నారు. "అన్నా, మేమూ మా సంఘం తరపున బస్సు మాట్లాడుకుని పోదామనుకుంటున్నాం, ఏమేం చూడాలి?" అని. ఏం చూడాలో వీడియోలో చెప్పేసినాను. అక్కడ ఎలా మసలుకోవాలి అన్నది మాత్రం రాసి పెడితేనే మంచిదనిపించింది. దీని మీద నాకు కొంచెం గట్టి అభిప్రాయమే ఉంది. కొందరికి నచ్చకపోవచ్చు.

బొటానికల్ గార్డెన్‌లో పట్నం వాళ్ళకంటే మన ప్రకృతి వ్యవసాయం వాళ్ళకే ప్రమాదం ఎక్కువ అంటాను నేను. పట్నం మనిషి మొక్క దగ్గర నిలబడి ఒక ఫోటో దిగి వెళ్ళిపోతాడు. మనోడు అలా కాదు. ఆకు తుంచుతాడు, అరచేతిలో నలుపుతాడు, వాసన చూస్తాడు, చివరికి నాలుక మీద పెట్టుకుంటాడు. మన చేనులో అయితే అది మంచి అలవాటే. గట్టు మీద మొలిచేవన్నీ చిన్నప్పటి నుంచి చూసినవే కదా. లాల్‌బాగ్ సంగతి వేరు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. టిప్పు సుల్తాన్ బయటి దేశాల నుంచి మొక్కలు తెప్పించాడు, 1856లో ప్రభుత్వ బొటానికల్ గార్డెన్ అయింది. ఇప్పుడు 240 ఎకరాలు. ఎక్కడెక్కడి మొక్కలో ఉన్నాయక్కడ. ఆకు మన చింతాకులా కనబడిందని చెట్టు మనకు చుట్టమైపోదు.

"ప్రకృతిలో పుట్టింది ఏదీ హాని చేయదు" అని మన సభల్లో తరచూ వినబడే మాట ఒకటుంది. వినడానికి బాగుంటుంది. మరి దశపర్ణి కషాయంలో ఉమ్మెత్త, జిల్లేడు, గన్నేరు, ఆముదం ఆకులు ఎందుకు వేస్తున్నాం? ఆవు కూడా మూతి పెట్టని ఆకులు చూసి ఎందుకు ఏరుకుంటున్నాం? వాటిలో విషం ఉంది కాబట్టే. ఆ విషంతోనే మనం పురుగుని ఆపుతున్నాం. పచ్చ గన్నేరు గింజ గుండె లయని దెబ్బతీస్తుంది. ఆముదం నూనె వేరు, పచ్చి ఆముదపు గింజ నమిలి మింగడం వేరు. అడవినాభి పువ్వు చూస్తే మంటలా ఎంత అందంగా ఉంటుందో, దాని దుంప అంత ప్రమాదం. ఇళ్ళలో అందం కోసం కుండీల్లో పెంచే డైఫెన్‌బేకియా ఆకు కొరికితే చాలు, నోరు, గొంతు మండిపోయి వాస్తాయి. ఇవన్నీ ప్రకృతి ఇచ్చినవే.

మా బృందంలో జరిగింది ఒకటి చెబుతా. ఒక పెద్ద చెట్టు కింద ఎర్రటి గింజలు రాలి ఉన్నాయి. మాతో వచ్చిన పదేళ్ళ పిల్లోడు గుప్పెడు ఏరుకున్నాడు. "ఏందిరా అవి?" అంటే ఒకాయన గురివింద అన్నాడు. ఇంకొకాయన, "గురివిందాకు తియ్యగా ఉంటుంది, గొంతు నొప్పికి నమలొచ్చు, ఏం కాదు" అన్నాడు. ఆ మాట వినడంతోనే పిల్లోడి చెయ్యి నోటి దగ్గరికి పోయింది. పక్కనున్న వాళ్ళమ్మ టక్కున చెయ్యి పట్టుకుంది కాబట్టి సరిపోయింది. తర్వాత అందరం కలిసి చూస్తే గింజ మొత్తం ఎరుపే, నల్ల చుక్క లేదు. అది బండి గురివింద, చెట్టుకి కాసేది. అసలు గురివింద తీగకి కాస్తుంది, ఎరుపు మీద నలుపు ఉంటుంది. గింజ పెంకు గట్టిది కాబట్టి నమలకుండా మింగితే చాలాసార్లు అలాగే బయటికి వచ్చేస్తుంది. పంటి కింద నలిగిందంటే ప్రాణం మీదికి వస్తుంది. ముగ్గురు అనుభవమున్న రైతులం ఉండి కూడా ఆ గింజ ఏమిటో తేల్చడానికి అయిదు నిమిషాలు పట్టింది. ఆకు తినొచ్చు అన్న సంగతి నిజమే. కానీ ఆకు గురించి చెప్పిన మాటని పిల్లోడు గింజకి పట్టించుకున్నాడు. వనమూలికల గురించి మన పెద్దలు చెప్పే మాటలు సగం వింటే ఇలాగే ఉంటుంది.

బోర్డులని కూడా కళ్ళు మూసుకుని నమ్మొద్దు. ఔషధ మొక్కల మడిలో బోర్డు ఒక మొక్కది, దాని ముందు ఏపుగా పెరిగింది వేరే మొక్క అయ్యుండొచ్చు. ఫోన్ యాప్ చెప్పే పేరు వెతుక్కోవడానికి పనికొస్తుంది, తినడానికి పనికిరాదు.

ఒకవేళ ఎవరైనా ఏదైనా నమిలేస్తే? మన ఊళ్ళల్లో వెంటనే ఉప్పునీళ్ళు తాగించి వాంతి చేయిస్తారు. దయచేసి ఆ పని చేయకండి. దాంతో కొత్త ప్రమాదాలు వస్తాయి. నోట్లో మిగిలింది ఉమ్మించి, నోరు కడిగించి, ఆ ఆకో గింజో ఒక కవర్‌లో వేసుకుని నేరుగా ఆసుపత్రికి పోవాలి. డాక్టర్‌కి "ఏదో ఆకు తిన్నాడు" అనేదానికంటే ఆ ఆకు చూపించడం ఎంతో మేలు. కర్ణాటకలో కూడా అంబులెన్స్ నంబర్ 108నే.

ఇక తేనెటీగలు. మనలో చాలామందికి పెట్టెల్లో ఈగలు పెంచడం అలవాటే. ఆ ధైర్యం ఇక్కడ పనికిరాదు. ఎత్తయిన చెట్లకి పెద్ద పెద్ద పట్టులు పెట్టేవి కొండ తేనెటీగలు. పెట్టెలో ఈగకీ దీనికీ స్వభావంలో చాలా తేడా. పట్టు కనబడితే కింద గుంపుగా నిలబడి వీడియో తీయడం, రాయి విసరడం, డ్రోన్ ఎగరేయడం వద్దే వద్దు. ఘాటైన సెంట్లు కూడా ఆ రోజుకి మానేయండి. రేగాయంటే చేతులు ఊపుతూ నిలబడకుండా, ముఖం కప్పుకుని దూరంగా పరుగెత్తి ఏదైనా గదిలోకో బస్సులోకో దూరిపోవాలి. చెరువులోకి దూకితే బయటపడతాం అనుకోవద్దు, అవి పైనే కాచుకుని ఉంటాయి. కుట్టిన చోట ముల్లు ఉండిపోతే ఆలస్యం చేయకుండా గోటితో గీకి తీసేయాలి. ఆయాసం వచ్చినా, పెదాలు వాచినా, కళ్ళు తిరిగినా, ఒళ్ళంతా దద్దుర్లు వచ్చినా, ఎన్ని కుట్టాయని లెక్కపెట్టకుండా ఆసుపత్రికి పోవడమే. ఒక్క ఈగ కుట్టినా కొందరికి ప్రాణాపాయం.

మిగతావి మనకి తెలిసినవే. నాగలింగం కాయలు ఫిరంగి గుండ్లంత ఉంటాయి, ఆ చెట్టు కింద సద్ది విప్పకండి. ఏప్రిల్, మే నెలల్లో బెంగళూరులో సాయంత్రం గాలివాన వస్తే పెద్ద చెట్లు కూడా కూలుతుంటాయి, మబ్బు పట్టగానే బయటికి వచ్చేయండి. కెంపేగౌడ గోపురం ఉన్న ఆ బండ 300 కోట్ల ఏళ్ళ నాటిది, తప్పకుండా ఎక్కి చూడాల్సిందే, కానీ తడిసి ఉంటే వద్దు. పొదల్లో చెయ్యి పెట్టొద్దు అని మనకి ఎవరూ చెప్పక్కర్లేదు.

నేను అసలు గట్టిగా చెప్పాలనుకున్నది ఇంకొకటి. కొమ్మ తుంచి సంచిలో వేసుకోవడం. "ఒక్క కొమ్మే కదా, అంటు కట్టుకుంటా" అంటారు. చట్టం, మర్యాద సంగతి పక్కన పెట్టండి, మన పొలం సంగతి చూడండి. మిరపని 2021లో ముంచేసిన నల్ల తామర పురుగు గుర్తుందా? మన దేశంలో దాన్ని మొదట గుర్తించింది 2015లో, బెంగళూరులో, బొప్పాయి మీద. అది ఏ తోట నుంచి వచ్చిందని నేను అనడం లేదు. ఆరేళ్ళలో గుంటూరు మిరప దాకా వచ్చిందని అంటున్నా. కొబ్బరిని పీడిస్తున్న సర్పిలాకార తెల్లదోమ కూడా అంతే, 2016లో తమిళనాడు పొల్లాచ్చిలో కనబడి, తర్వాత మన గోదావరి జిల్లాల తోటలకి చేరింది. రసాయన మందు కొట్టని మనకి కొత్త పురుగంటే మామూలు దెబ్బ కాదు. దాన్ని తినే మిత్రపురుగు మన చేలో స్థిరపడే లోపల పంట పోతుంది. మొక్క కావాలంటే నర్సరీలో కొనండి, తెచ్చాక రెండు మూడు వారాలు మిగతా వాటికి దూరంగా పెట్టి, ఆకు అడుగున రోజూ చూడండి. తోట నుంచి వచ్చిన చెప్పులు, ప్యాంటు అంచులకి అంటిన గింజలు దులుపుకుని చేలోకి పోండి. వయ్యారిభామ లాంటి పిచ్చి మొక్కలు ఒక పొలం నుంచి ఇంకో పొలానికి చేరేది ఇలాగే.

ఇవన్నీ చదివి ఎందుకొచ్చిన గొడవలే అని మానుకుంటారేమో, అది నాకిష్టం లేదు. మైసూరు సంస్థానంలో బయటి నుంచి వచ్చిన కూరగాయలని, పండ్లని ముందు పెంచి చూసి రైతులకి పంచిన తోట అది. మనం వండుకునే బెంగళూరు వంకాయకి ఆ పేరు ఊరికే రాలేదు. అలాంటి చోటికి విజ్ఞాన యాత్ర పేరుతో బస్సు దింపి, "గంటలో వచ్చేయండి, షాపింగ్ ఉంది" అనడం నాకు నచ్చదు. యాత్ర పెట్టేవాళ్ళు కనీసం మూడు గంటలివ్వాలి. ఇరవై మందికి మొక్కలు తెలిసిన మనిషి ఒకరు తోడుండాలి. జనవరి 26, ఆగస్టు 15 దగ్గర జరిగే పూల ప్రదర్శన రోజులు మాత్రం వద్దు. ఆ తొక్కిడిలో పిల్లల్ని వెతుక్కోవడమే సరిపోతుంది, చెట్టు చూసేదెక్కడ?

మేము వచ్చే నెలలో మళ్ళీ పోతున్నాం, మామూలు పనిరోజు, పొద్దున ఆరున్నరకి గేటు దగ్గరుండేలా. మెట్రోలో వచ్చేవాళ్ళకి గ్రీన్ లైన్‌లో లాల్‌బాగ్ స్టేషన్ దిగితే వెస్ట్ గేట్ దగ్గరే. వచ్చేవాళ్ళు బూట్లు, నిండు చేతుల చొక్కా, నీళ్ళ సీసా, రోజూ వేసుకునే మందులు తెచ్చుకోండి. ఈగ కుడితే ఎలర్జీ ఉన్నవాళ్ళు బస్సెక్కే ముందే నాకు చెప్పండి. సంచులు మాత్రం ఖాళీవి తేవద్దు.