ప్రాణి లోపల, ప్రాణం వెలుపల

రమ పేరు చెల్లుతుంది, రాముడి పేరు చెల్లదు. కమల చెల్లుతుంది, సీత చెల్లదు. ఇది పొడుపుకథ కాదండీ! జావా అనే ప్రోగ్రామింగు భాషలో పేర్లను సరిచూసే నియమాన్ని తెలుగు ఎరుగనివారు వ్రాస్తే తేలే ఫలితం.

జావాలో ప్రతి విలువకూ ఒక జాతి, అనగా టైపు, ముందే నిర్ణయమై ఉంటుంది. సంఖ్య ఉండవలసిన చోట పదాన్ని పెట్టనివ్వదు. మెచ్చదగిన క్రమశిక్షణే. కానీ పేరు దానికి వట్టి 'స్ట్రింగ్'. లోపల ఏమున్నదీ దానికి పట్టదు. అందుచేత ప్రోగ్రామరు మహాశయుడు ఒక్కొక్క వర్ణాన్నీ 'ఈజ్‌లెటర్' అనే పరీక్షకు నిలబెడతాడు. ఆంగ్లనామాలు నాలుగు సరిచూసి తృప్తిపడతాడు.

యూనికోడు 1991 నాటి తొలి కూర్పులోనే తెలుగుకు చోటిచ్చింది. అందులో క, మ, ర అక్షరాలు. దీర్ఘం, గుడి, కొమ్ము, సున్న, పొల్లు మాత్రం 'గుర్తులు'. పై పరీక్ష గుర్తులను అక్షరాలుగా ఒప్పుకోదు. మన వ్యాకరణం అచ్చులను ప్రాణములన్నది, హల్లులను ప్రాణులన్నది. ప్రాణిని రానిచ్చి ప్రాణాన్ని గుమ్మంలో నిలబెట్టే ఈ ద్వారపాలకుణ్ణి ఏమనాలి? 2011లో జావా 7తో 'ఈజ్‌ఆల్ఫబెటిక్' వచ్చింది. అది గుణింతాన్ని రానిస్తుంది, పొల్లును ఆపుతుంది. సీత గట్టెక్కింది, కృష్ణుడూ లక్ష్మీ ఇంకా బయటే.

ముప్పై ఏళ్ళు ఎర్రసిరా వాడినవాణ్ణి. ఒక దరఖాస్తు నా పేరునే 'చెల్లని అక్షరాలు' అని ఎర్రగా తిప్పికొడితే ఒళ్ళు మండదా?

ఇక లెక్క సంగతి. 'లక్ష్మీనరసింహశాస్త్రి' నాకు 8 అక్షరాలు, జావాకు 21. పరిమితి 20 అని పెడితే శాస్త్రిగారి గుడి ఎగిరిపోతుంది!

"భద్రత కోసమండీ" అంటారు. డేటాబేసుకిచ్చే ఆజ్ఞలో వాడుకరి వ్రాసినదాన్ని అతికించకుండా విడిగా పంపే 'ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్' జావాలోనే ఉండగా, దొంగకు భయపడి దీర్ఘాన్ని నిషేధించడమేమిటి? పేరుకు స్ట్రింగు కాక దాని సొంత టైపు ఒకటి కల్పించండి. గుర్తులను కూడా ఒప్పుకొనే నియమాన్ని అందులో ఒక్కచోట, తెలుగు తెలిసినవారిని అడిగి వ్రాయండి.

సరిచూసుకోవడానికి నాలుగు పేర్లిస్తున్నాను: రమ, సీత, కృష్ణ, రాజ్‌కుమార్. చివరిదానిలో 'కు' పోయి 'జ' క్రింద వత్తుగా చేరకుండా కంటికి కనబడని విభాజకం ఒకటి ఉంటుంది, దాన్నీ రానివ్వాలి. నాలుగూ గడప దాటిన తరువాతే మీ ప్రోగ్రామును జనం ముందు పెట్టండి.