బతికి వచ్చినవాళ్ల మాట రాసి పెట్టండి

తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్ సంచాలకులు గారికి,

గుంటూరులో 1899 అక్టోబరు 28న పుట్టిన ఒక పిల్ల పన్నెండేళ్లప్పుడు టైటానిక్ ఎక్కింది. పేరు రూత్ బెకర్, లూథరన్ మిషనరీ కూతురు. తండ్రి ఇండియాలోనే ఉండిపోతే, జబ్బుపడ్డ పసివాడికి వైద్యం కోసం తల్లి ముగ్గురు పిల్లలతో అమెరికా బయల్దేరింది. 1912 ఏప్రిల్ 14 అర్ధరాత్రి దాటాక తల్లి, చెల్లి, తమ్ముడు 11వ నంబరు పడవలో దిగిపోయారు. అందులో చోటు లేక రూత్ ఒక్కతే 13వ పడవ ఎక్కింది. తల్లి తెమ్మన్న దుప్పట్లు చేతిలోనే ఉన్నాయి. బాయిలర్ల దగ్గర నుంచి పల్చటి బనియన్లతో వచ్చి వణికిపోతున్న పనివాళ్లకు వాటినే ముక్కలు చేసి కప్పారు.

ఓడ నడిమికి విరిగినట్టు కనిపించిందని ఆ పిల్ల మరుసటి ఏడాదే ఒక బాలల పత్రికలో రాసింది. మరికొందరూ అదే చెప్పారు. బ్రిటన్ విచారణ మాత్రం ఓడ విరగలేదని 1912 జూలైలోనే తేల్చేసింది. 1985 సెప్టెంబరులో సుమారు 3,800 మీటర్ల లోతున ఓడ రెండు ముక్కలుగా దొరికింది. అప్పటికి రూత్‌కు 85 ఏళ్లు. పెద్దల తీర్పు తప్పింది, పిల్ల మాట నిలిచింది. కాగితం మీద ఉండబట్టే నిలిచింది.

ఇది మీకు రాయడానికి కారణం కచ్చులూరు బోటు ప్రమాదం. 2019 సెప్టెంబరు 15న అక్కడ గోదావరిలో రాయల్ వశిష్ట అనే టూరిస్టు బోటు మునిగినప్పుడు బతికి బయటపడింది 26 మంది. ప్రయాణికుల్లో హైదరాబాద్, వరంగల్ వాళ్లు చాలామంది. బోటును అక్టోబరు 22న బయటికి తీశారు. బతికినవాళ్ల మాటలు ఆనాటి వార్తల్లో తునకలుగా మిగిలాయి. ప్రమాదం జరిగింది ఆంధ్రలో కదా, మనకెందుకంటారేమో. ఏరు ఎక్కడిదైనా, ఆ జ్ఞాపకం మోస్తున్నవాళ్లు మన ఊళ్లలో ఉన్నారు.

విచారణలు ఉండగా మళ్లీ ఇదెందుకన్న ప్రశ్న వస్తుంది. విచారణ వెతికేది తప్పెవరిదని. ఏ పక్కకు ఒరిగింది, లైఫ్ జాకెట్ అందిందా, ఒడ్డు నుంచి మొదట వచ్చిందెవరు అన్నవి పూర్తిగా చెప్పగలిగేది నీళ్లలో పడ్డ మనిషే. జ్ఞాపకం చెదురుతుందన్న మాట నిజమే. అందుకే ఆలస్యం చేయకూడదు. ఒకరి మాటను పదిమంది మాటతో సరిచూడాలి. గాయం రేపడమవుతుందన్నదే నన్ను నిజంగా ఆలోచింపజేసిన అభ్యంతరం. రూత్ కూడా టీచరుగా ఉన్నన్నాళ్లూ ఈ సంగతి ఎత్తలేదు. రిటైరయ్యాకే మళ్లీ నోరు విప్పింది. 1990 జూలై 6న, 90 ఏళ్ల వయసులో పోయింది. ఆమెకు దొరికినంత ఆయుష్షు అందరికీ దొరకదు. కాబట్టి ఇప్పుడే అడగాలి, కానీ బలవంతపెట్టకండి. ఇష్టమున్నవాళ్లనే అడగండి, వాళ్లు కోరినన్నేళ్లు రికార్డును మూసి ఉంచండి. పత్రాలను అలా కాపాడటం మీ శాఖకు కొత్త కాదు.

ఆ 26 మందిలో మన రాష్ట్రం వాళ్ల దగ్గరికి, ఒక రికార్డరు ఇచ్చి, ఓపికగా వినే మనిషిని ఈ ఏడాదే పంపండి.

ఇట్లు,
మన్సూరాబాద్ పౌరుడు, హైదరాబాద్