వేరుపడ్డ ఇంటి లెక్క

1971లో పాకిస్థాన్ నుంచి వేరుపడ్డ నాడు బంగ్లాదేశ్ బతికి బట్టకడుతుందని నమ్మినవాళ్లు తక్కువే. ముందు ఏడాది తుపాను లక్షల ప్రాణాలు మింగింది, ఆ వెంటే యుద్ధం. అలాంటి దేశం 2010 తర్వాతి దశాబ్దంలో తలసరి ఆదాయంలో పాకిస్థాన్‌ను దాటేసింది. ఆయుర్దాయంలోనూ అదే ముందుంది. విడిపోయేనాటికి జనం తూర్పునే ఎక్కువ. ఇప్పుడో? 2022 జనగణనలో బంగ్లాదేశ్ దాదాపు 17 కోట్లు, 2023లో పాకిస్థాన్ 24 కోట్లు! ఇంటింటికీ తిరిగి కుటుంబ నియంత్రణ నేర్పిన మహిళా కార్యకర్తలు, కుట్టుమిషన్ల ముందు కూర్చున్న లక్షలాది పల్లె ఆడపిల్లలు... చాలావరకు వాళ్ల చలవే ఇది. ఎగుమతుల్లో 80 శాతానికి పైగా దుస్తులే మరి. 2013లో రానా ప్లాజా కూలి 1,100 మందికి పైగా కార్మికులు చనిపోయిన సంగతీ ఆ ఆదాయం లెక్కలోనిదే.

పాకిస్థాన్ ఐఎంఎఫ్ గడప 20 సార్లకు పైగా తొక్కింది. అలాగని ఢాకాను ఆకాశానికెత్తనక్కర్లేదు. 2023లో అదీ అక్కడికే వెళ్లింది, 2024 ఆగస్టులో విద్యార్థుల ఆందోళనకు హసీనా ప్రభుత్వం కూలింది.

అసలు పేచీ మొదట భాష దగ్గరే వచ్చింది. ఉర్దూ ఒక్కటే అధికార భాష అన్నారు. 1952 ఫిబ్రవరి 21న ఢాకాలో విద్యార్థులపై కాల్పులు జరిపారు. ఇంట్లో ఓ భాష, ఆఫీసులో ఇంకోటి మోసే సరిహద్దు తెలుగువాళ్లకు ఆ బాధ విడమరిచి చెప్పాలా? 1956 రాజ్యాంగంలో బెంగాలీకి చోటిచ్చారు గానీ, 1970 ఎన్నికల్లో మెజారిటీ తెచ్చుకున్న అవామీ లీగ్‌కు మాత్రం గద్దె ఇవ్వలేదు.